తండ్రి పేరు దగ్గర

ప్రాణహిత సన్నబడ్డప్పుడే
ఆ రాయి దాక నడిచిపోవచ్చు.
సిరొంచ కోట దిగువన, ఇసుకలో నడుము దాక కూరుకుపోయి
ఒక గుర్రం, ఒక మనిషి, ఒక బరిసె.
మనిషికి మొకం లేదు.
ఇన్నేండ్ల వరద మొకాన్నే ఏరుకొని తిన్నది,
గుర్రం పండ్లను మాత్రం వదిలిపెట్టింది.

కింద ఒకటిన్నర వరుస రాత.
మొదటి మాట రాణోజి.
రెండోది సగమే. ఎవని కొడుకో చెప్పబోయి ఆగింది.
కాగితం పరిచి బొగ్గుపొడి రుద్దిన.
అక్షరాలు ఉన్నకాడ తెల్లగీతలు లేచినయి,
తండ్రి పేరు ఉండాల్సిన కాడ
ఉత్త నలుపు.

తాలూకా కచేరిలో ముప్పై ఏండ్లు నకళ్లు రాసినదాన్ని,
ఖాళీ జాగ చూస్తే చెయ్యి ఊకోదు.

మోడీ రాత చదివే చాప్లే మాస్తరు
పొడుం పట్టు పట్టి, తుమ్మి, దఫ్తరం విప్పిండు:
"భోంస్లే ఫౌజులో శిలేదారు. గుర్రం సొంతం."
గుర్రం వన్నె రాసి ఉన్నది, కుడి ముంగాలి మచ్చ రాసి ఉన్నది,
దాని వెల, దాని వయసు, తోక పొడుగు కూడ.
మనిషి ఏ ఊరివాడో ఎవ్వరూ రాయలే.

ఏటికి ఆవల, కాళేశ్వరం దిక్కు
భట్రాజు వేంకటనర్సు ఇంకో తీరు చెప్పిండు:
ఓరుగల్లు కూలిననాడు అడివి పట్టిన దొరల నెత్తురట.
నూటపదార్లకు కోట గుమ్మం దాక తీస్కపోయిండు,
ఐదు వందలిస్తే సూర్యుని దాక పోదామన్నడు.
బస్సుకు పైసలు ఉంచుకొని తిరిగొచ్చిన.

అహేరి తొవ్వలో, కింగ్రి తీగె బిగించుకుంట
తోడసం మాన్కు నవ్విండు:
"వాడు ఎక్కడినుంచీ రాలే అక్కా.
వచ్చింది గుర్రమే.
ఎవడో సచ్చిన సిపాయిది, జీను మీద నెత్తురు ఎండిపోయి
ఏటి గడ్డి మేస్తుంటె
మా పోరడొకడు ఎక్కి కూసున్నడు.
పేరు కూడ జీనుతోనే దొరికింది.
దిగురా అనే ధైర్యం ఎవనికుండె?"
ఆ మాటకు కింగ్రి కూడ నవ్వినట్టే మోగింది.

కొడుకుల పేర్లు పాత శిస్తు లెక్కల్ల దొరికినయి:
సంభాజి. చిన రాజన్న. కోసా.
ముగ్గురూ ఒక్క తల్లి కడుపే.
మూడు నోర్లు మూడు తీర్లు పిలుచుకున్నయి.
తల్లి పేరు ఏ లెక్కా అడగలే.

ఇదంత నాకెందుకంటే
మా తమ్ముని బిడ్డ రవళికకు నర్సింగు సీటు వచ్చింది.
గడ్చిరోలి ఆఫీసులో జాతి పడతాళణికి
తాత, తాత తాత, వాళ్ల కాగితాలు కావాలన్నరు.
పిల్ల నా సంచిలోని నలుగురు రాణోజీలను చూసి
"అత్తా, ఏ తాత చెల్లుతడో చెప్పు,
వాణ్నే తాత అంట" అన్నది.
నవ్వుకుంటనే అన్నది. గోర్లు మాత్రం కొరుక్కుంటున్నది.

మా పెద్దమ్మ పోశవ్వ పొయ్యి కాడ అంబలి కలుపుతున్నది.
తిరిగి చూడకుండనే అన్నది:
"కొత్తలు పెట్టేనాడు మొదటి ముద్ద ఎవరికి తీస్తమే?
జైతమ్మకు గాదా.
గుర్రపాయనకు పెండ్లామాయె, ముగ్గురు కొడుకుల తల్లాయె.
ఏడాదికోసారి ఆమె పేరు పలుకుకుంటనే ఇన్నేండ్లు తింటిమి,
మీరు రాళ్లను తోముతుండ్రి."

అరవై ఏండ్లు ఆ ముద్ద తీసింది నేనే.
ఇప్పుడిన్నట్టు ఇన్న.

ఆఫీసులో గుమాస్తా కాగితం తిప్పి చూసిండు.
"ఆడవాళ్ల పేరుకు ఇక్కడ గడి లేదమ్మా."
లేదు, నిజమే. నేనే ఎన్ని నకళ్లు రాయలే ఆ గడి లేకుండ.

నిన్న మిరుగు చినుకు పడ్డది.
పొద్దున ఏటికాడికి పోయి నిలబడ్డ.
బరిసె మునిగింది. మొకం లేని మొకం మునగబోతున్నది.
నీళ్లు గుర్రం మూతి దాక వచ్చినయి.
దూరం నుంచి చూస్తే
అది తాగుతున్నట్టే ఉన్నది,
మీద ఎవడు కూసున్నడో పట్టించుకోకుండ.